ఇరవై ఒకటి ముప్పై

సంచి అడుగున ఉన్ని మేజోళ్ళు పెట్టాను, ఆరు జతలు. వాటి మీద అమ్మ అల్లిన బూడిదరంగు స్వెట్టరు, రెండు ఉన్ని లోచొక్కాలు, చేతి తొడుగులు, గుడ్డలో చుట్టిన మేకపాల చీజ్ దిమ్మ. అన్నీ పెట్టాక మేజోళ్ళు ఐదు జతలే పెట్టానేమో అనిపించింది. మొత్తం తీసి బల్ల మీద పరిచాను. ఆరే ఉన్నాయి. మళ్ళీ సర్ది తాడు బిగించాక, తొడుగులు రెండూ ఎడమచేతివేమోనని అనుమానం వచ్చింది.

"ఇంకోసారి విప్పావంటే ఆ సంచికి అడుగు ఊడుతుంది పిల్లా," అన్నాడు నాన్న కిటికీ దగ్గర నుంచి.

"తొడుగులు చూస్తున్నా నాన్నా."

"పదిహేడేళ్ళొచ్చాయి. కుడేదో ఎడమేదో తెలియకపోతే నిన్నెవడు చేసుకుంటాడే యోరున్?"

నాన్న వేళాకోళమాడుతున్నాడంటే లోపల బాగాలేదని అర్థం. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన అలమర లోంచి చిన్న కాగితం పొట్లం తీసి, నేను చూడలేదనుకుని, సంచి పక్క జేబులో దోపాడు. కాఫీ. అప్పటికింకా కాఫీ రేషనే. అది ఆయన నెలవాటా మొత్తం.

ఆ కాన్వాసు సంచి నాన్నదే. మూత మీద కాల్చిన మేకుతో ఆయన తన గుర్తు వేసుకున్నాడు, కత్తెరలా ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు, వాటికి అడ్డంగా ఇంకొక గీత. పదేళ్ళ కిందట అమ్మ క్షయ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ సంచితోనే వెళ్ళింది. ఆరు వారాలన్నారు. సంచి ఒక్కటే రైల్లో తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు బట్టలు మడిచినా నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు ఆ సంచి మా అక్క రాగ్నా కోసం.

రాగ్నా మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మూడేళ్ళు పనిచేసింది. యుద్ధంలో తగలబడిపోయిన ఉత్తరపు ఊళ్ళను అప్పుడు మళ్ళీ కడుతున్నారు. మా లిలెస్త్రోమ్ మిల్లుల నుంచి కోసిన పలకలు బండ్లకొద్దీ అక్కడికే పోయేవి. అక్కడ కొత్త ఎక్స్ఛేంజికి మనుషులు కావాలంటే, నాన్నకు చెప్పకుండా రాగ్నా సంతకం చేసింది. మే నెలలో ఆ సంగతి బయటపడింది. "వెళ్ళేదానివి వెళ్ళు," అన్నాడు నాన్న. అంతకంటే ఏమీ అనలేదు, అదే ఘోరం. అది అట్టపెట్టె పట్టుకుని శిక్షణకని ఓస్లో వెళ్ళిపోయింది. నాన్న స్టేషనుకి రాలేదు. రెండు నెలలు ఇంట్లో దాని పేరు పలకలేదు.

గురువారం పొద్దున, ఆ రాగ్నా ఫోన్ చేసింది. మాకు ఫోన్ లేదు, అల్మా గారి దుకాణానికి చేసింది. అల్మా గారు వీధిలోకొచ్చి ఊరంతా వినేలా పిలిచింది.

"యోరున్! మీ అక్కే! పరిగెత్తు, నిమిషాలు పోతున్నాయి!"

దుకాణం నిండా మనుషులు. వెనక మిల్లులో పెద్ద రంపం దుంగను కోస్తూ అరుస్తోంది. నేను రెండో చెవి మూసుకున్నాను.

"నాన్న ఎట్లా ఉన్నాడే?" అంది రాగ్నా.

"ఉన్నాడు. నువ్వు తింటున్నావా?"

"అదంతా తర్వాత. విను. రేపు సాయంత్రం ఉత్తరానికెళ్ళే బండికి పోతున్నా. మనూళ్ళో ఇంజను మారుస్తారుగా, పది నిమిషాలు ఆగుతుంది. నాన్నని రమ్మను. మాట్లాడక్కర్లేదు, ప్లాట్‌ఫారం మీద నిలబడితే చాలు. నే చూసుకుంటా."

"ఎన్నింటికి?"

"ఇరవై ఒకటి ముప్పై."

"ఏమిటీ?"

"ఇరవై. ఒకటి. ముప్పై. వింటున్నావా? నాన్న రాకపోతే మటుకు నేను..."

లైను తెగిపోయింది.

ఇందులో అయోమయానికి ఏముంది అనిపించవచ్చు. ఉంది. ఆ ఏడాది, 1951లో, జూలై ఒకటో తేదీ ఆదివారం నుంచి దేశం మొత్తం అంకెలు చెప్పే పద్ధతి మార్చేసింది. అంతవరకు మేము చిన్న అంకె ముందు, పెద్ద అంకె వెనక చెప్పేవాళ్ళం. నలభై రెండు అనాలంటే 'రెండూ నలభై' అనేవాళ్ళం. దానితో టెలిఫోన్లలో నంబర్లు తారుమారవుతున్నాయని, ఇకపై పెద్దదే ముందు చెప్పాలని ప్రభుత్వం తీర్మానించింది. బడుల్లో, రేడియోలో, రైల్వేలో, ఎక్స్ఛేంజిలో అందరూ ఆ ఆదివారం నుంచే మారాలి. రాగ్నా ఫోన్ చేసింది ఐదో తేదీన. అంటే కొత్త లెక్క పుట్టి ఐదు రోజులు.

ఊరంతా అదే గోల. నేను ఫోన్ పెట్టేసేసరికి అల్మా గారు ఎవరికో చెబుతోంది. "మొన్న ఒకాయన వచ్చి 'రెండూ నలభై' రబ్బరు బూట్లు కావాలన్నాడు. మా కొత్తపిల్ల రెండు ముందు, నాలుగు వెనక అనుకుని లోపలికెళ్ళి ఇరవై నాలుగు పట్టుకొచ్చింది. పసిపిల్లల సైజు! ఆయన బొటనవేలు కూడా దూరలా."

మా నాన్న ఎంబ్రెత్ కొత్త లెక్కని ఇంట్లోకి రానివ్వనన్నాడు. ఆయన పని దుంగల దగ్గర. పొద్దున్నే రైలెక్కి గ్లొమ్మా నది దగ్గరికి వెళ్ళేవాడు. పై అడవుల్లో నరికిన దుంగలు నదిలో కొట్టుకొచ్చేవి. ప్రతి దుంగ మీదా యజమాని గుర్తు గొడ్డలితో చెక్కి ఉండేది. నాన్నలాంటి వాళ్ళు తేలే పలకల మీద నిలబడి, కొక్కెపు గెడతో దుంగను తిప్పి, గుర్తు చదివి, నదిలోనే కంచెలా కట్టిన దొడ్లలో ఎవరి దాంట్లోకి వాళ్ళ దుంగను తోసేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా 'నాలుగూ ఎనభై, ఐదూ ఎనభై' అని అరుస్తూ లెక్కపెట్టిన మనిషి. గుర్తు చెరిగిపోయి తెలియకపోతే ఊహించి తోయకూడదు. అలాంటి వాటికి విడిగా ఒక దొడ్డి ఉండేది, అనుమానపు దొడ్డి. అందులో వేసి, తీరిగ్గా చూసుకోవాలి. నాకు చిన్నప్పుడు గుర్తులు చదవడం నేర్పుతూ ఆయన చెప్పిన మొదటి మాట అదే. బడి మానేశాక పుస్తకాలు నాకు నేనే చదువుకున్నాను గానీ, చదవడమంటే ఏమిటో నేర్పింది ఆ దుంగలే.

ఆ సాయంత్రం నాన్న ఇంటికి రాగానే చెప్పాను. చిన్నప్పుడు మిల్లులో పనిచేసి ఆయన కుడి చెవి వినికిడి పోగొట్టుకున్నాడు, ఎడమవైపు నిలబడి చెప్పాలి. రాగ్నా పేరు వినగానే బూటు విప్పబోయినవాడు ఆగిపోయాడు.

"నిలబడితే చాలందా?"

"మాట్లాడక్కర్లేదంది."

ఆయన ఆ బూటు తాడు మళ్ళీ బిగించుకున్నాడు, ఎందుకో. తలెత్తకుండా అడిగాడు, "ఎట్లా అంది? సరిగ్గా చెప్పు. ఇరవై ఒకటి అని కలిపి అందా, ఒకటీ ముప్పై అని కలిపి అందా?"

"విడివిడిగా అంది నాన్నా. వెనకాల రంపం."

"మన లెక్కయితే ఇరవై గంటల ఒకటీ ముప్పై. అంటే ఎనిమిదిన్నర దాటి ఒక నిమిషం. వాళ్ళ లెక్కయితే ఇరవై ఒక్క గంటల ముప్పై. తొమ్మిదిన్నర."

"దుకాణం గోడ మీద టైంటేబుల్ చూశా. తొమ్మిదిన్నరకి ఉత్తరం బండి ఉంది. ఎనిమిదిన్నరకి ఏమీ లేదు."

"మరింకేం."

"అయినా అనుమానపు దొడ్లో వేద్దాం నాన్నా. ఎనిమిదింటికే వెళ్ళి కూర్చుందాం."

"గంటన్నర ఆ బెంచీ మీదా? ఊళ్ళోవాళ్ళు నవ్వరూ? ఎంబ్రెత్ రెండు నెలలు బిగుసుకుని ఇప్పుడు కాపలా కాస్తున్నాడని?" ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అది ఎక్స్ఛేంజి పిల్ల. కొత్త లెక్కే దానికి అన్నం. ఇన్నాళ్ళూ ఇంట్లో నా లెక్కే నడవాలన్నాను. అందుకే చెప్పకుండా సంతకం పెట్టింది. ఈ ఒక్కసారికి దాని లెక్కలో విందాం."

నాన్న ఎవరి మాటకైనా లొంగడం నేను చూసింది అదే మొదటిసారి. ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

శుక్రవారం సంచి సర్దిన కథ ముందే చెప్పాను. నా నస భరించలేక ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలాడు నాన్న. జూలైలో మాకు పదింటిదాకా వెలుగే, ఎండ ఇంకా పలకల దొంతర్ల మీద ఉంది. స్టేషను పట్టాలకు అవతల. మేము గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. స్టేషను వైపు నుంచి ఒక పొడుగాటి బండి, అప్పుడే కదిలినట్టుంది, ఆవిరి వదులుతూ మెల్లగా వచ్చింది.

"ఇదేం బండి?" అన్నాను.

నాన్న జేబుగడియారం తీశాడు. "ఒకటీ నలభై. ఎనిమిది గంటల ఒకటీ నలభై. గూడ్సేమో."

"మనుషులున్నారుగా."

ఉన్నారు. కిటికీల నిండా ఉన్నారు, సెలవులకు పోయేవాళ్ళు, పిల్లలు, ఒకాయన అప్పుడే గుడ్డు ఒలుచుకుంటున్నాడు. మూడో పెట్టెలో ఒక కిటికీ దగ్గర పసుపు రుమాలు కట్టుకున్న అమ్మాయి ముఖం అటువైపు తిప్పుకుని కూర్చుని ఉంది. నాన్న గేటు కడ్డీ పట్టుకున్నాడు. "అది..." అన్నాడు. పెట్టె దాటిపోయింది. నేను చూసింది రుమాలు మాత్రమే. రాగ్నాకి పసుపు రుమాలుంది. ఆ వేసవిలో ప్రతి రెండో పిల్లకీ ఉంది.

స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా ఆవులిస్తున్నాడు.

"ఉత్తరం బండి ఇరవై ఒకటి ముప్పైకి వస్తుందిగా?" అని నాన్న కొత్త లెక్కలో, తప్పకుండా, పాఠం అప్పజెప్పినట్టు అడిగాడు.

"వస్తుంది. ఇద్దరికా?"

"ఎక్కడానికి కాదు. మా పెద్దమ్మాయి అందులో వస్తోంది. ఉత్తరాన ఉద్యోగం."

"ఉత్తరాన ఉద్యోగాల వాళ్ళు ముందు దాంట్లో పోయారే! సెలవుల రద్దీకి అదనపు బండి వేశారు. ఇప్పుడే పోయింది. ఇరవై, ఒకటీ ముప్పైకి వచ్చి... ఛ, ముప్పై ఒకటి. ఈ లెక్కతో నోరు తిరగక చస్తున్నాం. కాగితం అంటించాం, చూళ్ళేదా?"

తలుపు పక్కన అరచేతంత కాగితం ఉంది. 20.31. అంకెల్లో రాస్తే ఎంత తేలిక.

నాన్న ఆ అంకెల మీద వేలు పెట్టి చదివాడు. "కిటికీలో చూశాను," అన్నాడు. "మూడో పెట్టె. అది రాగ్నాయే. ప్లాట్‌ఫారం మీద నన్ను వెతికి వెతికి, లేకపోయేసరికి అటు తిరిగి కూర్చుంది."

"అది కాదేమో నాన్నా."

"నా కూతురి మెడ నాకు తెలియదా?"

వెళ్ళి గుమాస్తా ముందు నిలబడ్డాడు. "త్రోన్‌హైమ్ దాకా ఒకటి."

"నాన్నా! పొద్దున పని?"

"దుంగలెక్కడికీ పోవు. అక్కడ బండి దిగి ఉత్తరానికి ఓడ ఎక్కాలి, అది మధ్యాహ్నానికి గానీ కదలదు. ఈలోపు అందుకుని సంచి ఇచ్చి, దాని ముందు నిలబడి, ఎల్లుండికి ఇంట్లో ఉంటా. బంగాళాదుంపలు ఉడికించి ఉంచు."

నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు. నేను తాడు విప్పి తొడుగులు ఒకసారి చూస్తానన్నాను. ఆయన నవ్వాడు. 21.30కి బండి సమయానికే వచ్చింది. ఇంజను మార్చే పది నిమిషాలూ నేను కిటికీ కింద నిలబడి ఏం మాట్లాడానో గుర్తు లేదు. కిటికీ వైపు కూర్చుంటే గాలి కొడుతుందని అన్నాననుకుంటా. ఆయన కుడిచెవి వైపు నిలబడ్డాను. వినిపించి ఉండదు.

ఇంటికొచ్చేసరికి వంటగది తలుపు తీసి ఉంది. రాగ్నా బల్ల దగ్గర కూర్చుని చల్లారిన గంజిలో చక్కెర కలుపుకుంటోంది. నెత్తిన పసుపు రుమాలు. పక్కన అట్టపెట్టె.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"నాన్నేడీ?" అంది.

"నువ్వేంటి ఇక్కడ?"

"ముందు నాన్నేడీ చెప్పు. రాలేదుగా? ఎనిమిది గంటల నలభై దాకా ప్లాట్‌ఫారం అంతా చూశా. బండి కదిలేటప్పటికి కాళ్ళు ఆగలేదు, దిగిపోయా. ఆయన రాకుండా నేను పోలేనే, ఫోన్‌లో అదే చెబుతుంటే తెగిపోయింది. కలప యార్డు అడ్డదారిన వచ్చేశా. తాళంచెవి కుండీ కిందే ఉంది."

"నాన్న నీకోసం త్రోన్‌హైమ్ వెళ్ళాడు."

"ఏంటీ?"

"తొమ్మిదిన్నర బండికి. సంచి తీసుకుని. నువ్వు ఇరవై ఒకటి ముప్పై అన్నావుగా!"

"ఇరవై... ఒకటీ ముప్పై అన్నానే! నాన్నకి చెబుతావని పాత లెక్కలో చెప్పా. కొత్త లెక్క అంటే మండిపడతాడని, ఆయన పద్ధతిలోనే..." చెంచా గంజిలో పడింది. "మా పై అధికారి వింటే తిట్టేది, అయినా ఆయన కోసమని..."

"ఆయన నీ కోసమని కొత్త లెక్కలో విన్నాడు."

రాగ్నా నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. ఎంతసేపు నవ్వామో, ఎప్పుడు మానామో తెలియదు. తర్వాత అది అల్మా గారి తలుపు కొట్టి ఫోన్ అందుకుంది. తన స్నేహితురాళ్ళ చేతుల మీదుగా, ఎక్స్ఛేంజి నుంచి ఎక్స్ఛేంజికి, త్రోన్‌హైమ్ స్టేషన్ దాకా కబురు వెళ్ళింది. ఎంబ్రెత్ అనే మనిషి, యాభై నాలుగేళ్ళు, కాన్వాసు సంచి, మూత మీద కత్తెరగుర్తు. దిగగానే పేరు పిలుస్తామన్నారు. పొద్దున పిలిచారట కూడా. ఎవరూ పలకలేదన్నారు. ఏ చెవి వైపు పిలిచారో.

ఆదివారం ఓడ మీది నుంచి టెలిగ్రాం వచ్చింది. "జాబితాలో దాని పేరుంది. మనిషి లేదు. ఇంకా ముందుకు చూస్తాను." రాగ్నాకి పక్క కేటాయించిన కాగితం చూసి ఓడ ఎక్కేశాడన్నమాట. మేము తర్వాతి రేవుకు పంపాం: "రాగ్నా ఇంట్లో ఉంది. వచ్చేయండి." అది అందేలోపు ఓడ దాటిపోయింది. ఆ పై రేవుకు మళ్ళీ పంపాం. మంగళవారం జవాబొచ్చింది. "మంచిది. తిరుగు ఓడ ఎక్కుతున్నాను. సంచి తెస్తున్నాను. శుక్రవారం 17.42." అంకెల్లో రాయించాడు. ఏ లెక్కలో చదివినా ఒకటే.

శుక్రవారం ఐదింటికే వెళ్ళాం. నేను నాలుగింటికే అన్నాను, రాగ్నా ఐదు చాలంది. బంగాళాదుంపలు ఉడికించి గుడ్డ కప్పి వచ్చాను. 17.42కి బండి వచ్చింది. చాలామంది దిగారు. అందరూ దిగాక రాగ్నా పెట్టెల వెంబడి నడుస్తూ ఒక్కో కిటికీలోకి చూసింది. నేను వెనక్కి తిరిగాను. మా పాస్టరు గారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయనకు ఎవరి కోసమూ స్టేషనుకి రావాల్సిన పని లేదు. ఆయన మా ఇంటికి వెళ్ళి, మేము లేకపోతే ఇక్కడికి వచ్చారట. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేని చిన్న రేవులో, మనుషుల్ని ఓడకీ ఒడ్డుకీ చేర్చే తెడ్ల పడవ బుధవారం అలకు బోల్తాపడిందని చెప్పారు. ముగ్గురు. ఇద్దరు దొరికారు. మూడో మనిషి నాన్న.

నాన్న ఆ రేవులో ఎందుకు దిగాడో, ఓడలోంచి పడవలోకి ఎక్కుతున్నాడో, పడవలోంచి ఓడలోకో, మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. ఆ ఉత్తరాలన్నీ నా దగ్గరున్నాయి.

రాగ్నా ఉత్తరానికి వెళ్ళలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు పొద్దున బండికి ఓస్లో వెళ్ళి సాయంత్రం బండికి ఇంటికొచ్చింది. ప్రతి సాయంత్రం నేను గేటు దాకా ఎదురెళ్ళేదాన్ని, వద్దని తిట్టినా. అక్క పోయి పదిహేనేళ్ళయింది. మిల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు, గేటు ఉన్నచోట సొరంగదారి. ఓస్లో పది నిమిషాలు. ఊరంతా పొద్దున ఖాళీ అవుతుంది, సాయంత్రం నిండుతుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని చూస్తుంటాను. రోజూ సాయంత్రం బండి దిగే నీలం కోటాయన నిన్న రాలేదు. సెలవేమో. మూడో పెట్టెలో ఆ అమ్మాయి ఎవరో, నాన్న చూసిన మెడ ఎవరిదో ఇప్పటికీ తెలియదు. రాగ్నా మొదటిసారి చెప్పినప్పుడు 'ఇరవై' తర్వాత కొంచెం ఆగిందేమో, నేనే కలిపి విన్నానేమో, అదీ తెలియదు. కొన్ని రోజులు ఆగిందనిపిస్తుంది. కొన్ని రోజులు లేదు.

సంచి ఆగస్టులో రైల్వే పార్సిల్లో వచ్చింది. మూత మీది గుర్తు చూసి ఎవరో పంపారు. మేజోళ్ళు ఆరు జతలూ ఉన్నాయి, ఉప్పు పట్టి. తొడుగుల్లో ఒకటి కుడిది, ఒకటి ఎడమది.

మా నాన్న తిరిగి రాలేదు. 1951 జూలై పదకొండు, బుధవారం.